చుక్క లేదక్కా

దెయ్యాలు చీకటి పడ్డాకే వస్తాయని ఎవరు పుట్టించారో గానీ, ఆ మహానుభావుడు మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డు కింద ఒంటరిగా ఉండి ఉండడు. చీకట్లో అయితే కళ్ళు మూసుకుని పరుగెత్తొచ్చు, నాకేం కనపడలేదని సర్దిచెప్పుకోవచ్చు. ఎండలో ఆ వీలు లేదు. అన్నీ కళ్ళెదురుగానే జరుగుతాయి.

ఆ రోజు కార్ల షెడ్డుకి సెలవు. పనివాళ్ళెవరూ లేరు. లోపల గ్రీజు వాసన, పాత టైర్ల వాసన, కాలిన నూనె వాసన. పైన రేకులు ఎండకి అప్పుడప్పుడు టక్కుమంటున్నాయి. మేస్త్రి చెక్కబల్ల మీద వెల్లకిలా పడుకుని, ముఖం మీద తువ్వాలు కప్పుకుని నిద్రపోతున్నట్టు నటిస్తున్నాడు. చూసేవాళ్ళు ఎవరూ లేనప్పుడు ఎవరి కోసం నటిస్తున్నాడో అతనికే తెలియాలి.

అతన్ని అందరూ చెవుల మేస్త్రి అంటారు. చెవులు పెద్దవని కాదు. నడుస్తున్న ఇంజన్ మీద బారెడు స్క్రూడ్రైవర్ కొస ఆనించి, పిడిని చెవికి నొక్కిపెట్టుకుని కాసేపు కళ్ళు మూసుకుంటాడు. లేచి, లోపల ఏది అరిగిందో ఏది వదులైందో చెప్పేస్తాడు. విప్పి చూస్తే అదే. "మా బామ్మర్దికి ఇంజన్లు చాడీలు చెప్తాయి" అని బావ ఎకసెక్కాలాడేవాడు. బావ అంటే మేస్త్రి అక్క మొగుడు. పోయిన ఎండాకాలం చచ్చిపోయాడు పాపం, బంగారంలాంటి మనిషి.

బయట ఏదో వ్యాను ఆగింది. ఇనుము మీద తాడు రాసుకున్న చప్పుడు. "ఇక్కడ వదిలెయ్యండి బాబూ, మీకు పుణ్యముంటుంది" అంటూ ఒక ఆడగొంతు. తువ్వాలు కింద మేస్త్రి కళ్ళు తెరుచుకున్నాయి. ఆ గొంతు అక్కది. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచిన అక్క. లేచి చూస్తే షెడ్డు ముందు తెల్లకారు నిలబడి ఉంది. ఏడాదిగా ఏ కారు మొహం చూడకుండా అతను తప్పించుకు తిరుగుతున్నాడో అదే కారు.

"ఇవాళ సెలవు కదక్కా" అన్నాడు మేస్త్రి.

"తెలుసు. అందుకే వచ్చా. పనుందక్కా అని తప్పించుకోవడానికి ఇవాళ నీకు పని లేదు."

"కబురు పెడితే నేనే వచ్చి చూసేవాణ్ణిగా?"

"ఏడాదిగా పెడుతూనే ఉన్నానురా. నువ్వు వస్తూనే ఉన్నావు." అక్క చెమట తుడుచుకుని కారు మీద చెయ్యి వేసింది. "తొయ్యి, నీడలోకి పెడదాం."

ఇద్దరూ కలిసి కారుని లోపలికి తోసి గుంట మీద నిలబెట్టారు. మనిషి దిగి నిలబడి బండి అడుగున పని చేసుకోవడానికి షెడ్డు మధ్యలో తవ్విన గుంట అది. అక్క చిక్కిపోయింది. చేతులు వెదురుపుల్లల్లా ఉన్నాయి. అయినా తోస్తూనే ఉంది.

"బాగు చెయ్యమని అడగడం లేదురా" అంది ఆయాసపడుతూ. "చూసి చెప్పు చాలు. నీళ్ళు లేక ఆగిపోయిందా, దానికి ఇంకేదన్నా రోగముందా. నువ్వేది చెప్తే అదే నమ్ముతాను."

"ఇప్పుడు తెలుసుకుని ఏం చేస్తావే అక్కా..."

"నిద్రపోతాను" అంది అక్క.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. బావ బతికినన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ కార్లు నడిపాడు. సొంతంగా ఒక కారు ఉండాలని ఆశ. మేస్త్రి ఒకరోజు పదిమందిలో ఉండి, "మా బావకి నేను కారు చేసిస్తా" అనేశాడు. అన్నాడు, చేశాడు కూడా. తుక్కులో పడి ఉన్న కారుని తెచ్చి, రాత్రనకా పగలనకా కూర్చుని, పెళ్ళికూతురిలా తయారుచేశాడు. ఇస్తానన్న రోజు దగ్గరపడింది. చుట్టాలందరికీ చెప్పుకున్నాడు. అప్పుడు మొదలైంది పేచీ. కాస్త దూరం నడిపితే చాలు, ఇంజన్ వేడి చూపించే ముల్లు పైపైకి పాకుతోంది. ఇది మార్చాడు, అది మార్చాడు. దొరకలేదు. చెవుల మేస్త్రికి దొరకలేదంటే నలుగురూ నవ్వరూ? అందుకని ఏం చేశాడంటే, ఆ ముల్లుకి వెళ్ళే వైరు కత్తిరించి, వేరే తీగ ముడేసి, ముల్లుని సరిగ్గా నడిమధ్య కూర్చోబెట్టేశాడు. ఇంజన్ మంచులా ఉన్నా, నిప్పులా ఉన్నా ముల్లు అక్కడే. తర్వాత తీరిగ్గా చూద్దాంలే అనుకున్నాడు. అలా అనుకున్నవాడికి తీరిక ఎప్పుడు దొరికింది గనక.

బావ ఆ ముల్లుని చూపించి మురిసిపోయేవాడు. "చూశారా, వెంట్రుకవాసి కదలదు! బావమరిది బతక కోరతాడని ఊరికే అన్నారా పెద్దలు!" అనేవాడు. మేస్త్రి నవ్వి ఊరుకునేవాడు. "పాత బండి బావా, పొద్దున్నే నీళ్ళు మాత్రం చూసుకోవాలి" అని తప్పించుకునేవాడు. ఆ పని అక్క తీసుకుంది. రోజూ పొద్దున్నే బానెట్ ఎత్తి, మూత తీసి, నీళ్ళు పోసి, ఆ తర్వాతే మొగుడికి తాళంచెవి ఇచ్చేది.

ఒకరోజు ఎండలో, మనుషులు తిరగని రోడ్డు మీద ఆ ఇంజన్ కుతకుత ఉడికి ఆగిపోయింది. ముల్లు నడిమధ్యే ఉంది. బావ ఖాళీ డబ్బా పట్టుకుని నీళ్ళ కోసం నడుచుకుంటూ వెళ్ళాడు. సాయంత్రానికి దొరికాడు, కారుకి ఇంకా చాలా దూరంలో, రోడ్డు పక్కన. వడదెబ్బ అన్నారు. చేతిలో డబ్బా నిండా నీళ్ళున్నాయి. కారుకి కావాలని మోసుకొస్తున్నాడు. తాను ఒక్క గుక్క కూడా తాగలేదు, పిచ్చి మారాజు.

శవం ఇంకా ఇంటి ముందే ఉంది. ఎవరో అడిగారు, "కారు ఎందుకు ఆగిందంటావు మేస్త్రీ?" అని. అడిగినవాడు ఊరికే అడిగాడు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు మేస్త్రి వెంటనే, "నీళ్ళు లేకుండా తీసినట్టున్నారు" అన్నాడు. ఆ మాట విని అక్క అత్తగారు ఏడుపాపి, తలతిప్పి కోడలి వంక చూసింది. అంతే. బావ పోవడానికి ముందురోజు రాత్రి మొగుడూ పెళ్ళాలు ఏదో చొక్కా గుండీ కోసం మాటామాటా అనుకున్నారట. మర్నాడు పొద్దున్న కోపంలో నీళ్ళు పోసిందో లేదో అక్కకి గుర్తు లేదు. ఏడాదిగా ఆ ఒక్క పొద్దునే తవ్వుకుంటోంది. అత్తగారు వచ్చేపోయేవాళ్ళందరికీ, "చెంబుడు నీళ్ళు పొయ్యక నా కొడుకుని చంపుకుంది" అని చెప్తోంది. అక్క కాదనలేదు. ఎలా అంటుంది, తనకే తెలియనప్పుడు?

కాబట్టి ఆ మధ్యాహ్నం మేస్త్రి చెయ్యాల్సిన పని ఒక్క వాక్యం. "తప్పు నీది కాదక్కా, నాది." ఇంజన్ విప్పనక్కర్లేదు, పానా పట్టుకోనక్కర్లేదు.

అతను పానా పట్టుకున్నాడు.

"నువ్వు లోపల కూర్చో అక్కా. చెప్పినప్పుడు సెల్ఫ్ కొట్టు" అన్నాడు. బావ నేర్పించాడు గనక అక్కకి డ్రైవింగ్ వచ్చు. ఆమె స్టీరింగ్ ముందు కూర్చుంది. మేస్త్రి బానెట్ ఎత్తాడు. దాంతో ఒకరి ముఖం ఒకరికి కనపడకుండా పోయింది. మేస్త్రికి ప్రాణం కాస్త కుదుటపడింది.

బానెట్ కాలిపోతోంది. ఎండలో లాక్కొచ్చారు కదా అనుకున్నాడు. పాత బ్యాటరీ ఎలాగూ చచ్చి ఉంటుందని దాన్ని తీసేసి, షెడ్డులో ఉన్న మంచి బ్యాటరీ తెచ్చి తగిలించాడు.

"కొట్టక్కా."

కర్ర్... కర్ర్... కర్ర్... ఇంజన్ తిరుగుతోంది, అందుకోవడం లేదు.

"చాలు, ఆపు."

ఒక్కో ప్లగ్గూ విప్పి చూశాడు. నిప్పురవ్వ బాగానే వస్తోంది. పెట్రోలు అందుతోంది. నూనె కొలిచే పుల్ల లాగి చూశాడు. వేడెక్కి పాడైన ఇంజన్‌లో నూనె, నీళ్ళు కలిసిపోయి టీ రంగుకి తిరగాలి. నూనె తేటగా ఉంది. ఏ జబ్బూ లేదు. ఏ జబ్బూ లేని ఇంజన్ ఎందుకు స్టార్ట్ కాదు?

అప్పుడు వాసన వచ్చింది. సన్నగా... లవంగాల వాసన. బావ బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది, నిద్ర రాకుండా ఉంటుందని. మేస్త్రి వెనక్కి తిరిగి చూశాడు. షెడ్డులో ఎవరూ లేరు. బయట రోడ్డు మీద ఎండ తెల్లగా కాస్తోంది. పిట్ట కూడా అరవడం లేదు.

ఇంజన్ మీద అరచెయ్యి పెట్టి చటుక్కున లాక్కున్నాడు. బానెట్ వేడి ఎండది అనుకుందాం. ఇంజన్ వేడి? అది ఏడాదిగా నడవలేదు. ఇప్పుడు కూడా నడవలేదు.

స్క్రూడ్రైవర్ తీశాడు. కొసని ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి నొక్కుకున్నాడు. "ఇంకోసారి కొట్టక్కా."

కర్ర్... కర్ర్... లోపల పిస్టన్లు పైకీ కిందకీ ఆడుతున్నాయి. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. "ఆపు" అన్నాడు. అక్క ఆపింది.

లోపల చప్పుడు ఆగలేదు.

టప్... టప్... టప్... మెల్లగా, ఎడంఎడంగా. ఇనుము చప్పుడు కాదది. ముప్పై ఏళ్ళుగా ఇనుము చప్పుళ్ళు వింటున్నవాడికి ఆ మాత్రం తెలీదా? అవి చెప్పులు. వేడికి తారు మెత్తబడ్డ రోడ్డు మీద అంటుకుని ఊడుతున్న చెప్పులు. అడుగు అడుగుకీ డబ్బాలో నీళ్ళు తొణుకుతున్నాయి. ఎవరో రొప్పుతున్నారు. దూరం నుంచి... ఇటే వస్తున్నారు.

టప్... టప్...

ఆగింది. పిడికి అవతలి వైపునే, చెవికి ఆనుకునే ఆగింది.

"బామ్మర్దీ..." ఎండిపోయిన గొంతు. "ముల్లు కదల్లేదురా..."

స్క్రూడ్రైవర్ జారి ఇంజన్ మీద పడి ఖంగుమంది.

"ఏమైందిరా?" బానెట్ అవతల నుంచి అక్క.

"ఏం లేదక్కా. చెయ్యి జారింది."

తెలివైనవాడు ఎవడైనా అక్కడితో కాళ్ళ మీద పడేవాడు. మేస్త్రి మాత్రం, తొందరగా నీళ్ళ సంగతి తేల్చేసి అక్కని పంపించేస్తే పీడా పోతుందనుకున్నాడు. ఏడాదిగా పడి ఉన్న రేడియేటర్ ఎండిపోయే ఉంటుంది. అది చూపిస్తే చాలు. మళ్ళీ అబద్ధం చెప్పే పని కూడా ఉండదు, రేడియేటరే చెప్తుంది. చేతికి గుడ్డ చుట్టుకుని మూత తిప్పాడు.

నిండుగా ఉంది.

అంచుల దాకా. పొద్దున్నే ఎవరో పోసినట్టు తేటనీళ్ళు. తుప్పు లేదు, నలక లేదు. అందులో అతని ముఖం కనపడుతోంది. లవంగాల వాసన గుప్పుమంది.

అది ఎలా సాధ్యమని అతను అడగలేదు. ఎందుకుందో అర్థమైంది. బుద్ధిగా నీళ్ళు పోసిన ఆడదానికి సాక్ష్యం అది. "అక్కా, ఇలా రా, చూడు" అంటే అయిపోయేది. ఆమె కళ్ళారా చూసేది.

"నీళ్ళు చూశావా?" అని అడిగింది అక్క.

"చూస్తున్నా... మూత బిగుసుకుపోయిందక్కా. ఆగు."

రేడియేటర్ అడుగున చిన్న కుళాయి ఉంటుంది. తిప్పితే ఉన్న నీళ్ళన్నీ కారిపోతాయి. మేస్త్రి చప్పుడు కాకుండా మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి లోపలికి పెట్టి ఆ కుళాయి తిప్పాడు. మీరు సరిగ్గానే విన్నారు. సొంత అక్కని నిర్దోషి అని చెప్పే నీళ్ళని గుంటలోకి వదిలేశాడు.

ధార పడింది. వేడినీళ్ళు, పొగలు కక్కుతూ. జలజలా గుంటలోకి పడుతున్న చప్పుడు. కాసేపాగి లేచి చూశాడు. రేడియేటర్ అంచుల దాకా నిండుగా ఉంది. కింద ధార పడుతూనే ఉంది.

ఇంకాసేపు ఆగాడు. చూశాడు. నిండుగా ఉంది.

"ఏంట్రా ఆ చప్పుడు?"

"నూనె... పాత నూనె దించుతున్నానక్కా."

ఈపాటికి గుంటలో మోకాలి లోతు నీళ్ళుండాలి. వంగి, కారు కింద నుంచి గుంటలోకి చూశాడు. అడుగున సిమెంటు పొడిగా, తెల్లగా ఉంది. ధార పడుతోంది. కిందకి వెళ్తోంది. నేలని మాత్రం తాకడం లేదు.

మధ్యలో ఎక్కడో... ఆగిపోతోంది.

అప్పుడు విన్నాడు. జలజల కాదది. గుటక... గుటక... గుటక. గుంట మూలనున్న నీడలో ఎవరో తలెత్తి, నోరు తెరిచి, ఊపిరి కూడా తీసుకోకుండా తాగుతున్నారు. ఏడాది దాహం.

మేస్త్రి లేవబోయాడు. లేవలేకపోయాడు. గుటకలు ఆగాయి. మూతి తుడుచుకున్న చప్పుడు.

"చాల్లే బామ్మర్దీ..." గొంతు ఇప్పుడు తడిగా ఉంది. కోపం లేదు అందులో. భయపెట్టింది అదే. "ఇక చెప్పు దానికి..."

"ఒరేయ్!" అక్క లోపల నుంచి కేకేసింది. "ముల్లు కదులుతోందేంట్రా? ఎప్పుడూ కదిలేది కాదే! పైకి పోతోంది... ఎర్రగీత దాకా పోయింది!"

వైరు కత్తిరించిన ముల్లది. మేస్త్రి బంపర్ పట్టుకుని లేచి, పిచ్చిపట్టినవాడిలా బ్యాటరీ మీద పడ్డాడు. వైర్లు ఊడబెరికి, బ్యాటరీని పైకి లాగి నేల మీద పడేశాడు.

"ఇప్పుడు?" అన్నాడు.

"ఇంకా పైకే పోతోంది" అంది అక్క. తర్వాత మెల్లగా, "ఆ రోజు ఇలా కదిలి ఉంటే ఆయన ఆగేవాడు కదరా... మరి ఎందుకు కదల్లేదు?" అంది.

ఇదిగో, ఇంతకంటే ఏ దేవుడు తలుపు తెరుస్తాడు? అడిగింది కూడా. మేస్త్రికి గొంతు దాకా వచ్చింది. నిజం, గొంతు దాకా వచ్చిందనే నా నమ్మకం. కానీ అక్కడే అతని కళ్ళ ముందు అక్క అత్తగారు కనపడింది, చుట్టాలు కనపడ్డారు, షెడ్డు ముందు ఆగే కార్లు కనపడ్డాయి. బావని చంపిన మేస్త్రి అని వేలెత్తి చూపే ఊరు కనపడింది. అక్క ముఖం ఒక్కటే కనపడలేదు. బానెట్ అడ్డముంది.

కింద కుళాయి కట్టేసి, మూత పెట్టి తిప్పి గట్టిగా బిగించాడు.

"మూత వచ్చింది, చూశానక్కా" అన్నాడు. "చుక్క లేదక్కా. ఆ రోజు కూడా నీళ్ళు లేకే ఆగింది. ముల్లు గిల్లు అంతా... పాత బండి కదా, ఏదో ఒకటి అంటుంది. నీళ్ళే కారణం."

అక్క తాళంచెవి వెనక్కి తిప్పిన చప్పుడు.

"అయితే నేనే అన్నమాట" అంది అక్క.

"పోనీలే అక్కా. కావాలని చేశావా ఏంటి? మర్చిపోయావు. మనుషులం." ఓదార్చాడు కూడా, చూడండి.

తలుపు తెరుచుకుంది. అక్క దిగి, కారు చుట్టూ తిరిగి ముందుకొచ్చింది. ఏడవడం లేదు. బిగించిన మూత వంక చూసింది. తియ్యమని అడగలేదు. నువ్వేది చెప్తే అదే నమ్ముతానని ముందే అంది కదా. ఇంజన్ మీద అడ్డంగా పడి ఉన్న స్క్రూడ్రైవర్‌ని చేతిలోకి తీసుకుంది. ఊరికే, ఏదో ఒకటి పట్టుకోవాలన్నట్టు. తర్వాత దాని కొసని ఇంజన్ మీద ఆనించి, వంగి, పిడికి చెవి ఆనించింది.

"వద్దక్కా" అన్నాడు మేస్త్రి. "నడవని ఇంజన్‌లో ఏం వినపడుతుంది? ఇలా ఇచ్చెయ్."

ఆమె చెయ్యెత్తి ఆగమంది. కళ్ళు మూసుకుంది. ముందు ముఖంలోకి ఏమీ రాలేదు. తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత... పెదవులు విడిపోయి చిన్నగా నవ్వింది. బావ ఏదో ఎకసెక్కమాడినప్పుడు, బాగోదని ఆపుకుంటూ నవ్వే నవ్వు. ఏడాదిగా ఆ ముఖం మీద ఆ నవ్వు చూసినవాళ్ళు లేరు. ఆమె "ఊఁ" అంది. ఇంకాసేపు విని, "ఊఁ" అంది. మళ్ళీ, "నాకు తెలీదు కదండీ" అంది చాలా మెల్లగా.

తర్వాత నవ్వు పోయింది.

లేచి నిలబడింది. స్క్రూడ్రైవర్‌ని కొంగుతో శుభ్రంగా తుడిచి, గోడకున్న మేకుల మీద దాని చోట పెట్టింది. మేస్త్రి వంక తిరిగింది. ఉగ్గుపాలు పట్టిన చెయ్యి, వేలు పట్టి నడిపించిన చెయ్యి, నమస్కారం పెట్టింది.

"వెళ్ళొస్తాను మేస్త్రీ గారూ" అంది. "సెలవు రోజు వచ్చి మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను. ఏమీ అనుకోకండి."

"అక్కా... అదేంటే, మీరు గీరు అంటావేంటి... ఒరేయ్ అనవే! తిట్టవే! అక్కా!"

ఆమె ముక్కూమొహం తెలియని మనిషి మాట విన్నట్టు మర్యాదగా విని, బానెట్ దించి, వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చుంది. తాళంచెవి తిప్పింది. ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది. కొత్త కారులా, చప్పుడు కూడా లేకుండా. బ్యాటరీ మేస్త్రి కాళ్ళ దగ్గర నేల మీద పడి ఉంది.

కారు వెనక్కి జరిగి, గుంట దాటి, ఎండలోకి వెళ్ళి, మలుపు తిరిగింది. మేస్త్రి అక్కడే కూలబడ్డాడు. ఎంతసేపు కూర్చున్నాడో తెలీదు. గుంట వైపు చూడలేదు. రేకుల మీద ఎండ తగ్గి, రోడ్డు మీదకి నీడలు వచ్చాక లేచి, షట్టర్ దించి, ఇంటికి నడిచాడు. ఇల్లు రెండు వీధుల అవతలే. దారిలో ఎవరో పలకరించారు. పలకలేదు. రేపు పొద్దున్నే వెళ్ళి అక్క కాళ్ళు పట్టుకుంటాను, అంతా చెప్పేస్తాను అనుకుంటూ నడిచాడు. రేపట. ఆ బుద్ధి చస్తేగా మారేది.

ఇంటికి వచ్చేసరికి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. అతన్ని చూసి, వీధి చివరకి చూసి, మళ్ళీ అతన్ని చూసింది.

"అదేంటండీ, నడిచొస్తున్నారు? ఎక్కడ దిగారు?"

"దేంట్లోంచి?"

"వదిన కార్లోంచి. మధ్యాహ్నం ఇటే వెళ్ళింది కదా. చెయ్యి ఊపితే ఆపలేదు, నా వంక చూడను కూడా చూడలేదు. వెనక సీట్లో మీరే కదా?"

మేస్త్రి ద్వారబంధం పట్టుకున్నాడు.

"మొహమంతా అలా కందిపోయిందేంటి, అద్దాలన్నీ ఎత్తుకుని కూర్చున్నారేంటి అనుకున్నాను, ఆ ఎండలో. రెండు చేతులూ అద్దానికి ఆనించి, నా వంకే చూస్తూ ఏదో చెప్తున్నారు. ఒకటే మాట, మళ్ళీ మళ్ళీ అదే. ఏడుస్తున్నారేమో అని కూడా అనిపించింది. నాకు ఒక్క ముక్క వినపడలేదు." ఆమె అతని చెంప మీద చెయ్యి వేసి, కాలినట్టు చటుక్కున తీసేసుకుంది. "ఇంతకీ ఏం చెప్తున్నారండీ?"